కీలు పూస

శనివారం బాగా పొద్దెక్కినా ఢిల్లీ పక్కన వైశాలిలో మంచు విడలేదు. కిటికీలోంచి చూస్తే ఎదుటి అపార్టుమెంటు ఉన్నట్టూ లేనట్టూ ఉంది. శరణ్య తన గదిలో నేలమీద పాత దుప్పటి పరుచుకుని, రోబో ఎడమ పాదాన్ని కాలికి తగిలిద్దామని కూర్చుంది. పాదం ఉంది, కాలు ఉంది. రెండింటినీ కలిపే పూస మాత్రం కనిపించలేదు.

ఆ రోబో జపాను నుంచి వచ్చింది. నోయిడాలో ఆమె పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడరు విష్ణు ఆఫీసు పనిమీద టోక్యో వెళ్ళి వస్తూ తెచ్చిపెట్టాడు. పెట్టె తెరిస్తే అందులో బొమ్మ ఉండదు, ప్లాస్టిక్ ఫ్రేములు ఉంటాయి. వాటికి కాయల్లా వేలాడే ముక్కల్ని ఒక్కొక్కటే కట్టరుతో తుంచి, అంచులు అరగదీసి, రంగు వేసి, ఒకదాన్లో ఒకటి తొడుక్కుంటూ పోవాలి. అన్నీ కుదిరితే జానెడున్నర ఎత్తు యంత్రమానవుడు లేచి నిలబడతాడు. మోకాలు, మోచెయ్యి, చీలమండ లాంటి కీళ్ళ దగ్గర గట్టి ప్లాస్టిక్ పనికిరాదు కాబట్టి మెత్తటి బూడిదరంగు ముక్కలు ఇస్తారు. శనగగింజంత ఉంటాయి, నడుమ రంధ్రం. అవతలి ముక్క పుల్ల ఆ రంధ్రంలో దూరుతుంది, తిప్పినప్పుడల్లా తిరుగుతుంది. కిట్టు పుస్తకంలో వాటికి ఏదో పేరుంది కానీ శరణ్య పూసలనే అనేది.

రోబో నిలబడే నేల మాత్రం ఆమె సొంత ఆలోచన. కిట్టుతో వచ్చిన నల్ల పీట ఆమెకు నచ్చలేదు. కామన్వెల్త్ ఆటలు ఏడాదిలోకి వచ్చాయి. ఊరంతా తవ్వి పోస్తున్నారు. వాళ్ళ వీధి చివర కూడా మెట్రో స్తంభాలు లేస్తున్నాయి. ఆఫీసు బస్సు కోసం నిలబడినప్పుడల్లా, ఇనప చువ్వలు పైకి పొడుచుకొచ్చిన సగం స్తంభాన్ని చూస్తూ ఉండేది. ఎన్నో వందల ఏళ్ళ తర్వాత ఒక యంత్రం ఆ స్తంభం పక్కన నిలబడి, దీన్ని ఎవరు కడుతూ వదిలేసి వెళ్ళారా అని ఆలోచిస్తున్నట్టు ఊహించుకునేది. అందుకే థర్మకోలుతో సగం స్తంభం చేసి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూసి, రాగితీగలు చువ్వల్లా గుచ్చింది. చుట్టూ చల్లడానికి నిజమైన మెట్రో ఇసుకే కావాలనుకుంది. పోయిన ఆదివారం సాయంత్రం ప్లాస్టిక్ కవరు పట్టుకుని కిందికి వెళ్ళింది ఆ ఇసుక కోసమే.

అది గుర్తుకురాగానే వెతుకుతున్న చేతులు ఆగిపోయాయి.

రెండు చీలమండల పూసలూ ఆ సాయంత్రమే తుంచింది. ఒక స్టీలు మూతలో వేసుకుని కూర్చుంది. కుడికాలు బిగించింది. ఎడమకాలి సంగతి తిరిగొచ్చాక చూద్దాంలే అని, మూతని నేలమీదే వదిలేసి లేచింది. తలుపు వేసిందా? వేసినా గడియ పెట్టిందా? తిరిగొచ్చేసరికి హాల్లో వదిన సరోజ రెండున్నరేళ్ళ కొడుకు దీపు వీపు నిమురుతూ కనిపించింది. "మరమరాలు పొరబోయాయమ్మా, హడలగొట్టేశాడు," అంది. అప్పటికి వాడు తేరుకుని నవ్వుతున్నాడు కూడా. శరణ్య వాడి బుగ్గ గిల్లి, ఇసుక కవరు బాల్కనీలో పెట్టి, ఆ సంగతి మరచిపోయింది. సోమవారం నుంచి ఆఫీసులో ఒకటే పని. రోబో జోలికి మళ్ళీ రాలేదు.

దుప్పటి దులిపింది. మంచం కింద సెల్‌ఫోను వెలుతురు వేసి చూసింది. అలమరా జరిపింది. పూస లేదు.

హాల్లోంచి దీపు దగ్గు వినిపించింది. వారంరోజులుగా ఇంట్లో వినిపిస్తున్న దగ్గే. చలికాలం, మెట్రో దుమ్ము, వైశాలిలో దగ్గని మనిషి లేడు కాబట్టి ఎవరికీ వింతగా అనిపించలేదు. దగ్గు ఆగాక చివర్న సన్నగా ఈల వేసినట్టు ఒక చప్పుడు. శరణ్య ఆ చప్పుడు అంతకుముందు కూడా విన్నది. ఇప్పుడు మాత్రం ఆగి విన్నది.

ఆమె ఇంక వెతకలేదు. రోబో కుడికాలు పట్టుకుని పాదం ఊడబెరికింది. లోపలున్న పూసని పట్టకారుతో లాగి, అరచేతిలో పెట్టుకుని హాల్లోకి నడిచింది.

సరోజ దీపుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముక్కుకీ నోటికీ మందు ఆవిరి పట్టే మాస్కు పెట్టి ఉంది. శరణ్య అన్నయ్య మల్లికార్జున పక్కన కుర్చీలో పేపరు చదువుతున్నాడు. కేంద్ర ప్రభుత్వ నిర్మాణ శాఖలో ఇంజనీరు. వారమంతా సైటుల వెంట తిరిగి, శనివారం పూట ఎవరూ కదిలించకపోతే చాలనుకునే మనిషి.

"వదినా, ఆదివారం వీడికి పొరబోయినప్పుడు నోట్లో మరమరాలు చూశావా?"

"గిన్నె ముందరే పెట్టాగా. అవే తింటున్నాడు."

"తింటూండగా చూశావా?"

"లేదు. వంటింట్లో పోపు వేస్తున్నా. దగ్గు విని పరిగెత్తుకొచ్చా. ఎందుకడుగుతున్నావ్?"

శరణ్య అరచెయ్యి చాపింది. "ఇలాంటిదే ఇంకోటి కనబడట్లేదు. ఆ సాయంత్రం నేలమీద పెట్టి ఇసుక కోసం వెళ్ళా. తలుపు వేసినట్టు గుర్తు లేదు."

మల్లికార్జున పేపరు దించాడు. "ఎక్స్‌రే తీయించాంగా. ఏమీ లేదన్నారుగా."

"ప్లాస్టిక్ ఎక్స్‌రేలో కనపడదన్నయ్యా."

"అచ్ఛా. డాక్టరుకి తెలీదు, నీకు తెలుసు. డస్ట్ ఎలర్జీ అని సక్సేనాగారు రాసిచ్చారు. పొద్దున్నే నువ్వొచ్చి లేనిపోనివి చెప్పి మీ వదినని భయపెట్టకు. పో, మంచం కింద సరిగ్గా చూడు."

"చూశాను."

సరోజ పూస తీసుకుని రెండువేళ్ళ మధ్య నొక్కింది, రంధ్రంలోంచి వెలుగు చూసింది. తర్వాత మాస్కు తీసేసి, మిషను ఆపి, బిడ్డ చొక్కా పైకెత్తి రొమ్ముకి చెవి ఆనించింది. ఒకవైపు విన్నది. రెండోవైపు విన్నది. మళ్ళీ మొదటివైపు.

"ఏవండీ," అంది. "ఇలా వచ్చి వినండి. ఎడమవైపు ఊపిరి చప్పుడవుతోంది. కుడివైపు దాదాపు ఏమీ వినిపించట్లేదు."

మల్లికార్జున వచ్చి, మోకాళ్ళమీద కూర్చుని చెవి పెట్టాడు. దీపుకి చక్కిలిగిలి పుట్టి తండ్రి జుట్టు పట్టుకు లాగాడు. తండ్రి తల ఎత్తలేదు.

డాక్టర్ సక్సేనాకి ఫోను చేసింది శరణ్యే. ఆయన వైశాలిలోనే చిన్న క్లినిక్ నడుపుతాడు. మొదట తేలిగ్గానే మాట్లాడాడు. దగ్గు ఉన్నట్టుండి మొదలైందా అని అడిగాడు. అవునంది. అంతకుముందు జలుబు, జ్వరం ఏమైనా? లేవంది. ఆ సాయంత్రం జరిగింది చెప్పి, పూస ఎలా ఉంటుందో చెప్పింది. దాంతో ఆయన గొంతు మారిపోయింది.

తిన్నగా ఢిల్లీలో పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. అక్కడ గొట్టం వేసి చూస్తారని, తాను ముందుగా ఫోను చేసి చెబుతానని అన్నాడు. "తినడానికీ తాగడానికీ ఏమీ పెట్టొద్దు. నోట్లో వేళ్ళు పెట్టొద్దు. పూర్తిగా ఊపిరి ఆగిపోతే తప్ప తలకిందులు చెయ్యొద్దు. కూర్చోబెట్టే తీసుకెళ్ళండి. ఔర్ సునియే, బచ్చేకో రోనే మత్ దీజియే. ఏడిస్తే అది కదిలి పైకొస్తుంది. పైకొస్తే రెండు ఊపిరితిత్తులకీ దారి మూసేస్తుంది."

పాత మారుతీ కారు బయల్దేరింది. మల్లికార్జున నడుపుతున్నాడు. వెనక సీట్లో దీపుని నిటారుగా ఒళ్ళో కూర్చోబెట్టుకుని సరోజ, పక్కన శరణ్య. పూస ఆమె రుమాలు కొసన ముడివేసి ఉంది. హెడ్‌లైట్ల ముందు మంచు తెల్లగోడలా నిలబడింది. ముందు బండి వెనక లైట్లు తప్ప ఏమీ కనపడటం లేదు.

దీపుకి షికారు వెళ్తున్నామని సంబరంగా ఉంది. "అత్తా, రోబో కర్‌కే దిఖావో," అన్నాడు. వాడికి తెలుగంతా అర్థమవుతుంది కానీ పక్కింటి పిల్లలతో ఆడి ఆడి నోటికి హిందీయే వస్తుంది. శరణ్య మెడ బిగించి, చేతులు కీలుకీలుగా విరుస్తూ రోబోలా కదిలి చూపించింది. వాడు కిలకిలా నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది.

"నవ్వించకు!" సరోజ బిడ్డ వీపు నిమిరింది.

ఏడిపించకూడదు, నవ్వించకూడదు. శరణ్య నెమ్మదిగా కథ మొదలుపెట్టింది. మంచులో ఒక రోబో నిలబడి ఉందట. దానికి ఏం పనీ లేదట. అలా చూస్తూ ఉందట. బస్సు వెళ్ళిందట. ఇంకో బస్సు వెళ్ళిందట. నిద్ర వచ్చే కథ ఎలా ఉండాలో అలా చెప్పింది. దీపు కళ్ళు వాలుతున్నాయి.

ఆ నిశ్శబ్దంలో ముందు సీటులోంచి మల్లికార్జున మాట్లాడాడు. గొంతు పెంచితే కొడుకు బెదురుతాడు కాబట్టి, పిల్లవాణ్ణి లాలిస్తున్నట్టే రాగం తీస్తూ మాట్లాడాడు.

"శరణ్యమ్మా... సోమవారం కల్లా నోయిడాలో ఏదైనా పీజీ హాస్టలు చూసుకో తల్లీ. నీ పెట్టెలూ, నీ రంగులూ, నీ ముక్కలూ మూట కట్టుకో. ఇంక మా ఇంట్లో అవి కనపడకూడదు. నువ్వు కూడా కనపడకూడదు. సరేనా తల్లీ?"

"సరేనా!" అని దీపు అద్దంలో కనిపిస్తున్న తండ్రి కళ్ళను చూసి వంతపాడాడు.

"సరే అన్నయ్యా," అంది శరణ్య. ఆమె కూడా అదే రాగంలో అంది. కళ్ళల్లో నీళ్ళు పిల్లవాడికి కనిపించకుండా కిటికీ వైపు తిరిగింది.

"వీడికేమైనా అయితే నీ మొహం..."

"ఇద్దరూ నోళ్ళు ముయ్యండి," అంది సరోజ, బిడ్డ తల నిమురుతూ, జోలపాడుతున్నట్టే. "బండి సంగతి చూడండి మీరు."

ఢిల్లీ పొలిమేరలో ఘాజీపూర్ దగ్గరికొచ్చేసరికి బండ్లన్నీ ఆగిపోయాయి. ముందెక్కడో లారీ అడ్డం తిరిగిందని పక్కకారతను అద్దం దించి చెప్పాడు. అతను చెబుతూండగానే వెనకనించి ఏదో ట్రక్కు గుండె అదిరేలా హారను కొట్టింది. కునుకుపట్టిన దీపు ఉలిక్కిపడి లేచి, నోరు తెరిచి ఏడవబోయాడు. ఏడుపు రాలేదు. ఒకటే దగ్గు. దగ్గుతూ దగ్గుతూ ఒక్కసారిగా చప్పుడు ఆగిపోయింది.

నోరు తెరిచే ఉంది. కళ్ళు తల్లిని చూస్తూనే ఉన్నాయి. పెదాల చుట్టూ నీలం కమ్ముకొచ్చింది.

"దీపూ! నాన్నా! ఏవండీ..."

మల్లికార్జున సీటుమీదుగా వెనక్కి వంగి కొడుకు కాళ్ళు పట్టుకున్నాడు. "తిప్పెయ్! తలకిందులు చెయ్, వీపుమీద కొట్టు!"

"ఆగండి," సరోజ బిడ్డని గట్టిగా పట్టుకుంది. "ఒక్క క్షణం, ఒక్క క్షణం ఆగండి..."

ఎంతసేపు గడిచిందో ముగ్గురిలో ఎవరికీ తర్వాత గుర్తులేదు. సరోజ ఇంక బిడ్డని బోర్లా తిప్పబోతూండగా వాడి గొంతులోంచి ఈల వినిపించింది. సన్నగా, పొడుగ్గా. పొట్ట లోపలికి పోయింది, బయటికొచ్చింది. మళ్ళీ ఈల. ఇప్పుడది దగ్గు చివర వచ్చే ఈల కాదు. ప్రతి ఊపిరికీ వస్తోంది.

శరణ్యకి అర్థమైంది. పూస పైకొచ్చి గాలిగొట్టంలో కూర్చుంది. వాడిప్పుడు దాని రంధ్రంలోంచి ఊపిరి పీలుస్తున్నాడు. అగ్గిపుల్ల పట్టేంత రంధ్రం. చీమిడో కఫమో అడ్డం పడిందంటే అదీ మూసుకుపోతుంది.

"పోనియ్ అన్నయ్యా."

"ఎక్కడికి పోనియ్యను? దారేదీ?" హారను మీదికి చెయ్యి వెళ్ళింది. చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. హారను కొడితే వాడు మళ్ళీ ఉలిక్కిపడతాడు. స్టీరింగు మీద రెండుచేతులూ పెట్టి అలా ఉండిపోయాడు.

శరణ్య తలుపు తీసుకుని దిగింది. చున్నీ నడుముకి బిగించి, కారు ముందుకు పరిగెత్తి, అడ్డంగా ఉన్న ఆటో పైకప్పు మీద అరచేత్తో కొట్టింది. "భయ్యా, బచ్చేకీ సాఁస్ రుక్ రహీ హై, థోడా సైడ్ దో!" పిల్లవాడికి ఊపిరాడట్లేదని విని ఆటో జరిగింది. తర్వాత కారు అద్దం తట్టింది. అందులో ఆవిడ మొదట చిరాగ్గా చూసి, మాట విని, తన డ్రైవరుని పక్కకి తియ్యమంది. బండి బండికీ అదే మాట. కొందరు తిట్టారు. ఒక బైకతను దిగి, అవతలివైపు నుంచి తానూ తట్టడం మొదలుపెట్టాడు. మంచులో ముందు ఆమె పరిగెడుతుంటే వెనకాలే మారుతీ పాకుతూ వచ్చింది. చివరికి లారీ పక్కన ట్రాఫిక్ కానిస్టేబులు కనిపించాడు. అతను కారులోకి తొంగిచూసి, ఒక్కమాట కూడా అడక్కుండా ఎదుటివైపు బండ్లని ఆపేసి, రాంగ్ సైడులో పొమ్మని చెయ్యి ఊపాడు.

ఆమె కారెక్కేసరికి చెప్పు ఒకటి లేదు. దీపు తల తల్లి భుజంమీద వాలి ఉంది. ఈల వస్తోంది.

ఆసుపత్రిలో సక్సేనా ఫోను పనిచేసింది. అత్యవసర విభాగం గుమ్మంలోనే ఎదురొచ్చి ఆక్సిజన్ పెట్టారు. చెవి ముక్కు గొంతు డాక్టరు ఖురానా మేడమ్ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, పొట్టిగా, తెల్లజుట్టు వెనక్కి బిగించి ఉంది. పిల్లవాడి గొంతుమీద స్టెతస్కోపు పెట్టి విని, "ఇది ఇంక ఆగేది కాదు, థియేటరు సిద్ధం చెయ్యండి," అని నర్సుకి చెప్పి, వీళ్ళవైపు తిరిగింది. "లోపలున్నది ఏంటి? తెలుసా? చాలామందికి తెలీదు."

శరణ్య రుమాలు ముడి విప్పింది. వేళ్ళు సహకరించలేదు, పళ్ళతో లాగింది. పూస డాక్టరు చేతిలో పడింది.

"సరిగ్గా ఇదేనా?"

"ఇదే మేడమ్. ఇది కుడికాలిది, అది ఎడమకాలిది. రెండూ ఒకటే అచ్చు."

డాక్టరు దాన్ని లైటుకి ఎత్తి చూసింది. "ఈ రంధ్రం వల్లే మీరు ఇక్కడిదాకా రాగలిగారు," అంది. నర్సుని పిలిచి పొడవాటి సన్నటి పట్టకారు తెమ్మంది. చివర్న చీమ నోరులాంటి రెండు దంతాలున్నాయి. పూసని ట్రేలో పెట్టి పట్టుకోబోయింది. పూస జారి ఎగిరి ట్రే అంచుకి తగిలింది. ఇంకోసారి గట్టిగా పట్టింది. మెత్తటి ప్లాస్టిక్ నొక్కుకుని సబ్బుబిళ్ళలా ముందుకు జారిపోయింది. మూడోసారీ అంతే. మల్లికార్జున గోడకి చేరగిలబడ్డాడు.

"నువ్వు దీన్ని రోజూ పట్టుకుంటావుగా?" డాక్టరు తల ఎత్తకుండా అడిగింది. "ఎలా పట్టుకుంటావు?"

"బయటినుంచి పట్టుకోను మేడమ్, జారుతుంది. పట్టకారు మూసి రంధ్రంలో పెట్టి, లోపల తెరుస్తాను. లోపలిగోడకి బిగుసుకుంటుంది."

డాక్టరు ఇంకో పనిముట్టు అడిగి తెప్పించుకుంది. దంతాలు మూసి రంధ్రంలోకి పోనిచ్చి, పిడి నెమ్మదిగా వదిలింది. పూస పైకి లేచింది. చెయ్యి విదిలించింది. పడలేదు. మళ్ళీ పెట్టి, మళ్ళీ తీసింది. ఈసారి కళ్ళు మూసుకుని తీసింది. "ఇది నాతో వస్తుంది," అని పూసని తీసుకుని వెళ్ళబోతూ ఆగింది.

"మీకు చెప్పడం నా పని. రంధ్రంలోకి నా పనిముట్టు వెళ్ళిన క్షణం నుంచి వాడికి ఆ గాలి కూడా ఉండదు. స్వరపేటిక దగ్గర దారి ఇరుకు. అక్కడ జారిందంటే దాన్ని మళ్ళీ కిందికే తోసి, ఒకవైపు ఊపిరి ఆడనిచ్చి, ఇంకోసారి ప్రయత్నించాలి. సంతకం ఎవరు చేస్తారు?"

మల్లికార్జున చేశాడు. పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది.

తలుపులు మూసుకున్నాయి. వరండాలో బల్లమీద చోటున్నా ముగ్గురిలో ఎవరూ కూర్చోలేదు. ఎవరో వార్డుబాయ్ ఖాళీ స్ట్రెచరు తోసుకుంటూ పోయాడు. సరోజ చేతిలో కొడుకు ఉన్ని టోపీ ఉంది. దాన్ని లోపలికి తిప్పుతోంది, బయటికి తిప్పుతోంది.

కాసేపటికి మల్లికార్జున, "ఆ రంధ్రం ఎంతుంటుంది?" అని అడిగాడు. రాగం లేదు, కోపమూ లేదు.

"అగ్గిపుల్ల పట్టేంత."

అతను అటు తిరిగి నిలబడ్డాడు. శరణ్య ఓరగా చూసింది. అన్న పెదాలు బిగించి, మధ్యలో ఇంత సందు వదిలి, దాంట్లోంచి గాలి పీల్చి చూసుకుంటున్నాడు. ఒకసారి, రెండుసార్లు. తర్వాత చేత్తో నోరు కప్పుకున్నాడు. భుజాలు కదిలాయి. ఆమె దగ్గరికి వెళ్ళడానికి ధైర్యం చాలలేదు.

తలుపు లోపలినుంచి ఒక నర్సు పరుగున బయటికొచ్చి, ఎవరినో కేకేసి, మళ్ళీ పరుగున లోపలికి వెళ్ళింది. సరోజ వేళ్ళు టోపీలో ఆగిపోయాయి.

ఖురానా మేడమ్ బయటికొచ్చేసరికి మాస్కు గడ్డం కిందికి లాగి ఉంది, నుదురంతా చెమట. చేతిలో స్టీలు గిన్నె. అందులో రెండు పూసలున్నాయి. ఒకటి పొడిగా, ఒకటి జిగటగా.

"ఒకసారి జారింది," అంది. "మా చేతుల్లో నీలంగా అయిపోయాడు. కిందికి తోసి మళ్ళీ పట్టుకున్నాం. వచ్చేసింది. ఠీక్ హై. ఊపిరి బాగా తీసుకుంటున్నాడు. గొంతు వాచింది కాబట్టి రెండు మూడు రోజులు ఇక్కడే ఉండాలి."

సరోజ నిలబడ్డచోటే నేలమీద కూలబడింది. ఏడుపు కాదు, ఏదో పేరులేని చప్పుడు ఆమె గొంతులోంచి వచ్చింది. శరణ్య పక్కన కూర్చుని పట్టుకోబోతే చెయ్యి విదిలించింది. మరుక్షణమే ఆ చేతినే రెండు చేతులా పట్టుకుని, వేళ్ళు నలిగిపోయేలా నొక్కింది.

"ఇవి మీకు కావాలా?" అని డాక్టరు గిన్నె చూపించింది. "లేకపోతే మా స్టూడెంట్లకి చూపించడానికి ఉంచుకుంటాను."

"వద్దు," అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

దీపు ఇంటికొచ్చాడు. గొంతు బొంగురుపోయి కొన్నాళ్ళు ముసలాయనలా మాట్లాడాడు. శరణ్య నోయిడాలో ఒక పీజీ చూసుకుని, అడ్వాన్సు ఇచ్చి, బట్టలు సర్దుకుంది. కిట్టు, రంగులు, సగం కట్టిన నేల అట్టపెట్టెలో పెట్టి తాడు బిగిస్తూంటే సరోజ గుమ్మంలోకొచ్చింది.

"ఎక్కడికి?"

"అన్నయ్య పొమ్మన్నాడుగా వదినా."

"పాడుతూ అన్నారు. పాటలో అన్నమాట పట్టుకుని ఇల్లు ఖాళీ చేస్తారా ఎవరైనా?" సరోజ వచ్చి మంచంమీద కూర్చుంది. కళ్ళకింద ఇంకా నల్లగానే ఉంది. "చూడు, నాకు కోపం లేదని చెప్పను. ఆ తలుపు చూసినప్పుడల్లా వెళ్ళి మూసొస్తున్నా. కానీ నువ్వు ఆ పొద్దున మంచం కిందే వెతుక్కుంటూ కూర్చుంటే, లేకపోతే పోయిందిలే అని ఊరుకుంటే? అదీ అనుకుంటున్నా. రెండూ అనుకుంటున్నా. నువ్వుండు. తలుపుకి పైన, లోపలా బయటా, గడియ పెట్టిస్తా. ఆ బొమ్మ పూర్తిచేసి ఆఫీసుకి పట్టుకుపో. సగంలో ఉన్నది ఇంట్లో ఉంటే నాకు ఇంకా బాగుండదు."

గడియ వచ్చింది, చెయ్యెత్తితే గానీ అందనంత ఎత్తున. మల్లికార్జున మాత్రం చెల్లెలితో మాట్లాడలేదు. అన్నం దగ్గర "ఉప్పు" అంటే ఉప్పు అందించేవాడు, అంతే. పీజీ మాట తాను ఎత్తలేదు, ఆమెనీ ఎత్తనివ్వలేదు. ఫిబ్రవరి వచ్చింది. మంచు పోయి ఎండలు వచ్చాయి.

శరణ్య ఆదివారం మధ్యాహ్నాలు తలుపు బిగించుకుని పని చేసింది. చీలమండల్లో పూసలు లేని రోబో ఎంత ప్రయత్నించినా నిలబడలేదు, ముందుకు తూలింది. పాదాలు జిగురుతో అంటించేసి, దాన్ని స్తంభం మొదట్లో ఒక కాంక్రీటు దిమ్మ మీద కూర్చోబెట్టింది. మధ్యాహ్నం అన్నాల వేళ మెట్రో కూలీలు అలాగే కూర్చుంటారు, మోకాళ్ళమీద మోచేతులు ఆనించి. అలా కూర్చున్నాక దానికి ఏదో అలుపు వచ్చినట్టయింది. నిలబడి ఉంటే ఇంత బాగుండేది కాదనుకుంది.

ఒక ఆదివారం తలుపు చప్పుడైంది. తీస్తే మల్లికార్జున. లోపలికొచ్చి, ముందు వెనక్కి తిరిగి చెయ్యెత్తి గడియ పెట్టాడు. ప్యాంటు మోకాళ్ళ దగ్గర పైకి లాక్కుని దుప్పటి అంచున గొంతుక్కూర్చున్నాడు. బొమ్మని చూడలేదు. స్తంభాన్నే చాలాసేపు చూశాడు.

"ఎన్ని చువ్వలు పెట్టావు?"

ఆ గొంతు తనతో మాట్లాడుతోందని గ్రహించడానికి శరణ్యకి కొంచెం సేపు పట్టింది. "ఆరు."

"ఆరా?" అతని మొహంలో నిజంగానే బాధ కనిపించింది. "ఇంత లావు స్తంభానికి ఆరు చువ్వలా? దీనిమీద మెట్రో సంగతి సరే, కాకి వాలినా పడిపోద్ది. మరి రింగులేవీ? చువ్వల చుట్టూ కట్టుకుంటూ పోవాలిగా రింగులు. రోజూ ఆ రోడ్డునే పోతావు, ఎప్పుడైనా తలెత్తి చూశావా?"

"దూరాన్నించి చూశా."

"దూరాన్నించి చూస్తే ఇలాగే ఉంటుంది. తీగ ఇటివ్వు."

ఆమె రాగితీగ చుట్ట, కట్టరు అందించింది. అతను పెన్సిలు చుట్టూ తీగ చుట్టి, తుంచి, ఉంగరంలా వంచి, పట్టకారుతో ఒక్కొక్కటే చువ్వల మీదుగా దింపడం మొదలుపెట్టాడు. పెద్ద వేళ్ళు, అలవాటు లేని పని; రెండుసార్లు తీగ గుచ్చుకుంది. బయట దీపు తలుపు మీద గుద్దుతున్నాడు. "పప్పా! ఖోలో! ముఝే భీ!"

"ఖోల్తా హూఁ బేటా," అన్నాడు మల్లికార్జున. "కాసేపాగు."

రింగులన్నీ పెట్టాక అతను లేవలేదు. దుప్పటి మీద పడ్డ రాగితీగ కొసల్ని వేలికొస తడిచేసుకుంటూ ఒక్కొక్కటే అద్ది తీశాడు. అన్నీ అయ్యాక దుప్పటిని వెలుగుకి ఎత్తి అటూ ఇటూ చూసి, దొరికిన ఇంకో కొసని కూడా తీసుకుని, చొక్కా జేబులో వేసుకుని, అప్పుడు తలుపు తీశాడు.